జానెడు కాదు, బారెడు!

నందికొట్కూరు రోడ్డు మీద సైకిల్ తొక్కుతున్నారనుకోండి. లారీ ఒకటి హ్యాండిల్‌కి జానెడు దూరంలో దూసుకెళ్లి, ముందున్న టీకొట్టు దగ్గర ఆగింది. దడ తగ్గకముందే వెళ్లి నాలుగు దులిపేశారు. డ్రైవరుకి తెలుగు రాదు. ‘క్యా హువా?’ అన్నాడు. ఇప్పుడెలా?

గొంతు పెంచితే భాష రాదు. జానెడు చూపించి తల అడ్డంగా ఊపండి. తర్వాత రెండు చేతులూ బారచాపండి. అంత ఎడం ఇవ్వాలని ఎవరికైనా తెలుస్తుంది. సైకిల్ మనిషికి ఆ ఎడమే ప్రాణం. కర్నూలు సీమలో ఉర్దూ మాట్లాడేవాళ్లకి కొదవలేదు. టీకొట్టులోనే దుబాసీ దొరకొచ్చు.

అప్పటికీ దబాయిస్తే బండి నంబరు రాసుకుని 112కి ఫోన్ చేయండి. ప్రమాదకరంగా నడిపితే మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ఉంది. 2019 సవరణతో మొదటి తప్పుకే జరిమానా 1,000 నుంచి 5,000 రూపాయలు, లేదంటే జైలు, ఒక్కోసారి రెండూ. నంబరు ప్లేటుకి దుబాసీ అక్కర్లేదు!