ఓర్పు ఔషధము కాదు

మన సంఘము రోగి యోర్పునకు ఇచ్చునంతటి మర్యాద రోగి బాధకు ఇచ్చుట లేదు. మోకాళ్లు వాచి లేవలేని ముసలమ్మ నోరెత్తక మూలను కూర్చుండెనేని "ఎంత సహనవంతురాలు!" అని మెచ్చుకొందుము; మూలిగెనేని విసుగుకొందుము. ఆ మెప్పును ఈ విసుగును ఒక్క చెట్టు కాయలే. రోగికి మనము చేయవలసిన యుపచారమును తప్పించుకొనుటకు రెండును చక్కగా నుపయోగపడుచున్నవి. నెలల తరబడి, ఏండ్ల తరబడి నొప్పితో బ్రతుకువారియెడ కనీసము విద్యావంతుల యిండ్లలోనైనను ఈ వైఖరి మాఱవలెనని మేము వాదించుచున్నాము.

మా మునగపాక ప్రాంతము చెఱకు పండు సీమ. ఇచ్చటి బెల్లము అనకాపల్లి మార్కెట్టునకు పోవును. చెఱకు నఱికి, మోపులు మోసి, బెల్లపు పెనముకడ నిలిచి పాకము కలియబెట్టిన శరీరములకు నడుమునొప్పియు మోకాలినొప్పియు క్రొత్తవి కావు. ఆనాటి బెల్లపు ధర యెంతో ఊరిలో ప్రతివాడును చెప్పగలడు. ఆ బెల్లము వండిన మనిషి రాత్రి నిద్రించినదో లేదో ఇంటివారైనను అడుగరు. అందును మగవాని నొప్పికి కష్టజీవి యను పేరైనను దక్కును. కోడలి నడుమునొప్పికి మాత్రము పనిదొంగతనమని పేరు. కాన్పు తరువాత పట్టిన నొప్పి పదియేండ్లు విడువకున్నను, "మేమందఱము కనలేదా?" అను ప్రశ్నయే ఆమెకు దొరకు వైద్యము.

ఇక పెద్దలు కర్మసిద్ధాంతమును ముందునకు తెచ్చెదరు. పూర్వజన్మమున చేసిన పాపమే వ్యాధియై పీడించునని తెలుపు సంస్కృతశ్లోకపు భావమును మన పల్లెలలో చదువురానివారును ఎఱుగుదురు. కాని యా శ్లోకము సగముతో ముగియలేదు. ఆ పీడకు శాంతి యెట్లో మిగిలిన సగము చెప్పుచున్నది. అందు జపహోమములకంటె ముందు పేర్కొనబడినది ఔషధము. మొదటి సగమును పట్టుకొని రోగిని నిందించి, రెండవ సగమును విడిచి మందు మానిపించుట శాస్త్రవిశ్వాసము కాదు, లోభము. సుశ్రుతుడు వ్యాధిని నిర్వచించుచు దుఃఖముతోడి సంయోగమునే వ్యాధి యన్నాడు. ఆ లెక్కను దుఃఖమును తగ్గింపని చికిత్స సగము చికిత్సయే.

"వేదన" యను మాటను చూడుడు. అది తెలియుట యను నర్థముగల ధాతువునుండి పుట్టినది. నొప్పి అనుభవించువానికి తెలియునదే కాని ప్రక్కవాని కంటికి కనబడునది కాదు. వేదనను గూర్చి పరిశోధించు అంతర్జాతీయ సంఘము 2020లో తన నిర్వచనమును సవరించుచు, నొప్పి కలదని యొకరు చెప్పినపుడు ఆ మాటను గౌరవింపవలెనని వివరణలో స్పష్టముగా చేర్చెను. ఎక్స్‌రేలో నేమియు లేదు గావున నొప్పియు లేదని తీర్పు చెప్పువారు దీనిని గమనింతురు గాక. మూడు నెలలు దాటి నిలిచిన నొప్పిని నేటి వైద్యము దీర్ఘకాలిక వేదనగా నెంచుచున్నది. గాయము మానినను, నిప్పారిన పిదప మ్రోగుచునే యుండు గంటవలె, నరములును మెదడును చిన్న తాకిడికే పెద్ద బాధ పుట్టించుట కలదు. అది నటన కాదు.

మఱి మార్గమేమి? బాధను గౌరవించుటయనగా మందులు గుమ్మరించుట కాదు. నొప్పి పుట్టినపుడెల్ల ఊరి ఆర్.ఎం.పి.చేత సూది వేయించుకొనుటయు, దుకాణమున బిళ్లలు కొని నెలలకొలది మ్రింగుటయు మన యలవాటు. ఆ బిళ్లలలో పెక్కు మితిమీరినచో కడుపున పుండ్లు పుట్టించును, మూత్రపిండములను చెఱచును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దీర్ఘకాలిక నడుమునొప్పిని గూర్చి ప్రకటించిన మార్గదర్శకములు వ్యాయామమును, రోగికి తన వ్యాధిని గూర్చిన బోధను ముందుంచి, నడుముపట్టీలను, నల్లమందు జాతి మందులను వలదన్నవి. అరిగిన మోకాళ్లకు తొడకండరములను బలపఱచు వ్యాయామమును, బరువు తగ్గుటయు మేలుచేయును. పొయ్యిని గట్టుమీదికి ఎక్కించుట, పీటకు బదులు కుర్చీ వేయుట, మరుగుదొడ్డిలో ఎత్తైన ఆసనము పెట్టించుట, దినమున కొక గడియ నడకకు తీఱిక యిచ్చుట, ఇవి ధనికుల వైద్యములు కావు. కాని యా గడియ తీఱికయే మన కోడండ్రకు ఏ దుకాణమునను దొరకని మందు.

క్యాన్సరు నొప్పి సంగతి వేఱు. అచ్చట వ్యాయామము చాలదు. తీవ్రమైన బాధకు మార్ఫిను కావలెను. 1986లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ నొప్పికి మెట్లుమెట్లుగా మందులు వాడు పద్ధతిని ప్రకటించెను. మార్ఫినునకు మూలమైన నల్లమందును మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వపు అనుమతితో పండించి, మన దేశము విదేశములకు సైతము పంపినది. అయినను 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము క్రింద అనుమతిపత్రములు పెక్కు కావలసివచ్చి, ఎన్నో ఆసుపత్రులు ఆ మందును నిలువ చేయుటయే మానుకొన్నవి. పండించినది మనము, మూలిగినదియు మనమే! 2014లో చట్టమును సవరించి యీ చిక్కును సడలించిరి. చట్టము సడలినను మనస్సులు సడలలేదు. మరణశయ్య మీదనున్న వానికి "అలవాటు పడును" అని మందు నిరాకరించువారు నేటికిని కలరు. అమెరికాలో 1990ల చివరినుండి ఈ జాతి మందులను విచ్చలవిడిగా వ్రాసి యెందఱి ప్రాణములనో పోగొట్టిన మాట నిజమే. ఒకచోట వఱద వచ్చెనని మఱియొకచోట దప్పిగొన్నవానికి నీరు మానిపింతుమా?

మార్గము లేక కాదు. కోజికోడు వైద్యకళాశాలలో 1993లో ఉపశమన వైద్యసంఘము మొదలైనది. తరువాత ఇరుగుపొరుగువారే శిక్షణ పొంది రోగుల యిండ్లకు పోవు పద్ధతి కేరళమున వ్యాపించినది. 2008లో ఆ రాష్ట్రప్రభుత్వము ఉపశమన వైద్యమునకు ప్రత్యేకవిధానమును ప్రకటించెను. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో ఉపశమన వైద్యవిభాగము కలదు. మనకు దాపుననే అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి కలదు. కొఱత విద్యలో లేదు. ఆసుపత్రికిని రోగి మంచమునకును నడుమనున్న దారిలో ఉన్నది.

ఆ దారి వేయవలసినవారము మనము. 2022లో ఏర్పడిన మన అనకాపల్లి జిల్లాలో మార్ఫిను బిళ్ల ఎచ్చట దొరకునని ఓటడుగ వచ్చినవారిని అడుగుడు. దేవుని యుత్సవమునకు చందా ప్రోగుచేయు యువకులను వారమున కొకదినము మంచము పట్టినవారి యిండ్లకు పంపుడు. ఇంట "ఓర్చుకో" యనుట మాని, "నేటి నొప్పి పదింట ఎంత? రాత్రి నిద్రపట్టినదా? ఏ పని చేయలేకపోతివి?" అని యడిగి, ఆ జవాబులు చీటిమీద వ్రాసి వైద్యునికి చూపుడు. ఓర్చుకొనుట రోగి యిష్టము. ఓర్చుకొమ్మనుటకు మనకు హక్కు లేదు. ఓర్పంత గొప్ప గుణమే యైనచో, రోగి మాట చివరివఱకు వినుటయందు దానిని మనమే చూపుదము.