రీటేకుల్లేని నాలుగు నిమిషాలు

ఈ వారం నా తపాలాలో ఒక చిత్రమైన ఉత్తరం ఉంది. మామూలుగా నాకొచ్చే ఉత్తరాల సంగతి మీకు తెలిసిందే. ఫలానా హీరోది సొంత జుట్టేనా, ఫలానా హీరోయిన్ పెళ్ళెప్పుడు... ఇవే కదా! ఇది మాత్రం న్యూజెర్సీ నుంచి ఒక తెలుగమ్మాయి రాసింది. పదేళ్ళపాటు ఐసు మీద ఫిగర్ స్కేటింగ్ చేసిందట. మోకాలు దెబ్బతిని పోటీలు మానేసింది. ఇప్పుడు స్కేటర్లకు డ్రెస్సులు కుట్టి, పాటలు ఎడిట్ చేసి ఇచ్చే వ్యాపారం పెడతానంటోంది. ఇంట్లో వాళ్ళేమో శుభ్రంగా ఉద్యోగం చూసుకోక ఈ టైలరు షాపేమిటని గోల. "అన్నగారూ, మీరు సినిమా కాస్ట్యూములూ రీరికార్డింగుల గురించి రాస్తుంటారు కదా, ఇది వ్యాపారమా, వేడుకా?" అని అడిగింది.

చెల్లాయ్, నువ్వు పెడతానంటున్నది టైలరు షాపు కాదు. చిన్న సైజు సినిమా కంపెనీ! సీనియర్ స్కేటర్ల ఫ్రీ స్కేట్ నాలుగు నిమిషాలు. షార్ట్ ప్రోగ్రామ్ రెండు నిమిషాల నలభై సెకండ్లు. అందులోనే ఒక కథ, ఒక పాట, ఒక వేషం, డాన్సు మాస్టరు, అన్నీ ఉంటాయి. లేనిదొక్కటే, రీటేకు. మన స్టూడియోలో హీరోయిన్ జాకెట్టు హుక్కు ఊడితే డైరెక్టరు 'కట్' అంటాడు. కాస్ట్యూమరు సూదీ దారం పట్టుకుని పరిగెత్తుకొస్తాడు. మరి ఐసు మీద కట్ చెప్పేదెవరు?

2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్ సంగతే తీసుకోండి. ఫ్రాన్సు జంట గాబ్రియెలా పపడాకిస్, గియోమ్ సిజెరాన్ షార్ట్ డాన్స్ మొదలెట్టిన కాసేపటికే ఆమె మెడ దగ్గర హుక్కు ఊడిపోయింది. ప్రపంచమంతా చూస్తోంది. అయినా ఆ అమ్మాయి ఆగలేదు. చివరిదాకా చేసింది. మొత్తం పోటీ అయ్యాక ఆ జంటకు వచ్చింది 205.28. బంగారు పతకం గెలిచిన కెనడా జంట టెస్సా వర్చూ, స్కాట్ మోయిర్‌లకు 206.07. తేడా ఒక్క మార్కు కూడా లేదు! హుక్కు వల్లే బంగారం పోయిందని నేననను. కానీ ఆ హుక్కు కుట్టిన మనిషికి ఆ రాత్రి నిద్ర పట్టి ఉంటుందా?

అందుకే ఈ వ్యాపారంలో అమ్మవలసింది జిగేలుమనే రాళ్ళు కాదు, నమ్మకం. డ్రెస్సు మీది రాయో ఈకో ఊడి ఐసు మీద పడితే ఒక మార్కు కోత. పాట నిర్ణీత కాలానికి పది సెకండ్లు అటూ ఇటూ అయితే పరవాలేదు. ఆపైన ప్రతి అయిదు సెకండ్లకూ ఒక మార్కు పోతుంది. తప్పు దర్జీది, శిక్ష స్కేటరుకు. ఇంతకన్నా అన్యాయం ఉందా?

డ్రెస్సు దగ్గర మొదలెడదాం. బట్ట నాలుగువైపులా సాగాలి. భుజాలకూ వీపుకూ ఒంటిరంగు నెట్టు వేస్తారు. దాని మీద రాళ్ళు ఒక్కొక్కటే చేత్తో అతికిస్తారు. రాళ్ళు మరీ ఎక్కువయ్యాయా, బరువు. గాల్లో మూడు, నాలుగు చుట్లు తిరిగే మనిషికి ప్రతి తులమూ లెక్కే. జంటగా చేసేవాళ్ళయితే, మగవాడు చెయ్యివేసి ఎత్తే చోట బట్ట జారకూడదు, రాయి గుచ్చుకోకూడదు. కొలతలు నిలబెట్టి తీస్తే చాలదు. చేతులెత్తించి, వెనక్కి వంచి, కాలు తలదాకా లాగించి తియ్యాలి. పోటీ ముందురోజు డ్రెస్సు చేతికిచ్చేవాడు శత్రువుతో సమానం. కనీసం రెండు వారాల ముందే ఇవ్వాలి. అది వేసుకుని ప్రోగ్రామంతా నాలుగుసార్లు చేయించాలి. ఇదంతా పోటీలు చేసిన నీకు తెలిసినంతగా మామూలు దర్జీకి తెలియదు. నీ పెట్టుబడి అదే!

ఈ దారిలో నీకంటే ముందు నడిచినవాళ్ళున్నారు. వెరా వాంగ్ పేరు వినే ఉంటావు. ఆవిడా స్కేటరే. 1968 ఒలింపిక్ జట్టులో చోటు దొరకలేదు. ఐసు వదిలి బట్టల ప్రపంచంలోకి వెళ్ళింది. 1990లో న్యూయార్క్‌లో పెళ్ళిదుస్తుల షాపు తెరిచింది. 1992, 1994 ఒలింపిక్స్‌లో నాన్సీ కెరిగన్‌కు డ్రెస్సులు డిజైన్ చేసింది. 2022లో నాథన్ చెన్ బంగారు పతకం గెలిచినప్పుడు వేసుకున్నదీ ఆవిడ డిజైనే. స్కేటరుగా దొరకని ఒలింపిక్స్ దర్జీగా దొరికాయన్నమాట.

ఇక సంగీతం. ఇది మన ఎడిటింగ్ రూము పనే. 1984 సరయేవో ఒలింపిక్స్‌లో బ్రిటన్ జంట జేన్ టోర్విల్, క్రిస్టఫర్ డీన్ రావెల్ 'బొలేరో' తీసుకున్నారు. అసలుది పావుగంట పైమాటే. ఎంత కుదించినా నాలుగు నిమిషాల ఇరవై ఎనిమిది సెకండ్ల కంటే తగ్గలేదు. రూలు ప్రకారం నాలుగు నిమిషాల పదే! ఏం చేశారనుకున్నారు? స్కేటు ఐసుకు తగిలినప్పటినుంచే గడియారం మొదలవుతుందని రూలు పుస్తకంలో కనిపెట్టారు. మొదటి పద్దెనిమిది సెకండ్లు మోకాళ్ళ మీదే ఉండి చేతులు, ఒళ్ళు కదిపారు. ఫలితం? కళాత్మకతకు తొమ్మిదిమంది జడ్జీలూ 6.0 ఇచ్చారు. ఆ డ్రెస్సులు డిజైన్ చేసిన కోర్ట్నీ జోన్స్ ఎవరనుకున్నారు? ఐస్ డాన్సులో నాలుగుసార్లు ప్రపంచ ఛాంపియన్!

2014-15 సీజన్ నుంచి అన్ని విభాగాల్లోనూ మాటలున్న పాటలు వాడొచ్చన్నారు. దాంతో సినిమా పాటలకు తలుపులు తెరుచుకున్నాయి. తలనొప్పులకూ తెరుచుకున్నాయి. పాట రాసినవాళ్ళ హక్కు వేరు, రికార్డు చేసినవాళ్ళ హక్కు వేరు. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఒక అమెరికన్ జంట వాడిన రికార్డింగు మాదేనని ఇద్దరు సంగీతకారులు కోర్టుకెక్కారు. స్కేటర్లను కూడా వదల్లేదు. కాబట్టి చెల్లాయ్, నీ షాపులో కత్తెర పక్కన అనుమతి కాగితాల ఫైలు కూడా ఉండాలి. ఆ ఫైలు సరిగ్గా పెట్టావంటే నీ బేరాలు సగం అదే తెస్తుంది.

ఇంకొక్క కథ. 2010 వాంకూవర్ ఒలింపిక్స్. ఐస్ డాన్స్‌లో ఆ ఏడాది జానపద నృత్యాల వంతు. అమెరికా జంట మెరిల్ డేవిస్, చార్లీ వైట్ 'దేవదాస్', 'బంటీ ఔర్ బబ్లీ' సినిమాల పాటలు తీసుకున్నారు. తమకు తోచినట్టు గంతులెయ్యలేదు. మిషిగన్‌లోనే ఉన్న ఒక భారతీయ నృత్య శిక్షకురాలి దగ్గరికెళ్ళి నేర్చుకున్నారు. మనవాళ్ళు మురిసిపోయారు. వాళ్ళకు రజతం వచ్చింది. అదే పోటీలో రష్యా జంట ఆస్ట్రేలియా ఆదివాసుల వేషం వేసింది. ఆ ఆదివాసుల పెద్దలు మా సంస్కృతిని వెక్కిరిస్తున్నారని మండిపడ్డారు. ఒలింపిక్స్ నాటికి వేషం మార్చుకోక తప్పలేదు. ఆ జంటకు కాంస్యం వచ్చింది గానీ జనానికి గుర్తున్నది వేషమే. ఎవరి బట్ట కుడుతున్నామో వాళ్ళని ఒక్కమాట అడిగితే పోయేదేముంది?

సరే, డబ్బు మాటేమిటంటావా? ఒలింపిక్ తారలు నీ మెట్లెక్కుతారని లెక్కలు వెయ్యకు. నీ బేరం ఊళ్ళోని క్లబ్బుల్లో నేర్చుకునే పిల్లలు, వాళ్ళ అమ్మలు. అక్కడ ఒక్క డ్రెస్సు వందల డాలర్ల నుంచి వేలదాకా పోతుంది. పిల్లలేమో ఏటా పొడుగవుతారు. కాబట్టి మడతలో కాస్త బట్ట వదిలిపెట్టు. పాతవి కొని, సరిచేసి మళ్ళీ అమ్ము. డబ్బు లేని ఇంటి పిల్లా మంచి డ్రెస్సు వేసుకుంటుంది, నీకూ నాలుగు రాళ్ళు మిగులుతాయి. కొత్త ప్రోగ్రాములు తయారయ్యేది వేసవిలో. పని మొత్తం ఆ నెలల్లోనే మీద పడుతుంది, తరవాత చేతులు ఖాళీ. అందుకని మొదటి రెండేళ్ళూ ఏదో ఒక ఉద్యోగం పక్కన పెట్టుకునే ఉండు. ఇంట్లోవాళ్ళ నోళ్ళూ మూతపడతాయి!

ఇక మన ఊళ్ళలోని పాఠకులు 'ఇక్కడ ఐసెక్కడిదండీ' అనొచ్చు. చక్రాలున్నాయి కదండీ! హైదరాబాదు కుర్రాడు అనూప్‌కుమార్ యామ 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు తెచ్చాడు. 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు. ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌కూ పాట కావాలి, డ్రెస్సు కావాలి. మన ఊళ్ళలో కుట్టు తెలిసినవాళ్ళకు కరువా, పాటలు తెలిసినవాళ్ళకు కరువా?

ఈసారి టీవీలో స్కేటింగ్ వస్తే తార మొహం కాసేపు వదిలిపెట్టి భుజం మీది కుట్టు చూడండి. ఆ కుట్టు వేసినవాళ్ళకు మన సినిమాల్లోలాగా టైటిల్స్‌లో పేరు కూడా పడదు. హుక్కు ఊడితే మాత్రం లోకమంతా అడుగుతుంది, ఎవరు కుట్టారని!