మామునూరు విమానము – మన దూరము

మామునూరు నుండి హైదరాబాదునకు విమానములో ఎంతసేపు పట్టునని తరగతిలో ఒక బాలుడు నన్ను ప్రశ్నించెను. తిన్నని గీతలో కొలిచినచో మామునూరునకును శంషాబాదునకును నడుమ సుమారు 145 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్లు పోవు విమానమునకు లెక్క ప్రకారము 18 నిమిషములు చాలును. బాలురందఱు సంతోషించిరి. కాని ఆ లెక్కలో విమానము లేచుటకును దిగుటకును పట్టు కాలము లేదు. ప్రయాణికుని ఇల్లు అసలే లేదు.

మామునూరు విమానాశ్రయమును 1930లో నిజాము ప్రభుత్వము నిర్మించెను. 1981 వఱకు అచ్చట విమానములు దిగుచుండెను. పిమ్మట అది మూతపడెను. 2008లో శంషాబాదు విమానాశ్రయము తెఱవబడినది. దానికి 150 కిలోమీటర్లలోపల ఇరువదియైదేండ్ల వఱకు మఱియొకటి ఉండరాదను ఒడంబడిక మామునూరునకు అడ్డమాయెను. తుదకు ఆ అడ్డు తొలగి, 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము అనుమతి నొసగినది. ఇది మన ప్రాంతమునకు శుభవార్తయే. అయినను దాని ప్రయోజనమును ఎట్లు కొలువవలెనో మనము యోచింపవలెను.

జనగామవాసికి హైదరాబాదు పడమట సుమారు 85 కిలోమీటర్లు. మామునూరు తూర్పున సుమారు 65. అతడు విమానము కొఱకు వెనుకకు పోవుట అవివేకము. మహబూబాబాదునకు రైలున్నది. భూపాలపల్లికి రైలుస్టేషనే లేదు. అచ్చటివారు 70 కిలోమీటర్లకు పైగా రోడ్డున వచ్చి, విమానము కదలుటకు గంట ముందుగనే చేరవలెను. ఇట్లు ఇంటిగుమ్మము మొదలు లెక్కించినచో ఆ 18 నిమిషములు అరపూటయగును.

కావున హైదరాబాదు ప్రయాణమునకై ఈ విమానాశ్రయమును కోరుట వ్యర్థమని నా అభిప్రాయము. ఢిల్లీ వంటి దూరనగరముల విషయము వేఱు. రైలులో ఒక పగలును ఒక రాత్రియు పట్టు ఆ ప్రయాణము విమానమున రెండు గంటలలో ముగియును. రోగికిని, పరీక్షకు పోవు విద్యార్థికిని అది గొప్ప మేలు. అయితే విమానముల వేళకు సరిపడునట్లు మన మూడు పట్టణముల నుండియు బస్సులు నడుపవలెను. లేనిచో ఆ మేలు ధనవంతుల కార్లకే దక్కును.

మఱియొక మాట. 2024 నవంబరులో 253 ఎకరముల భూసేకరణకై రాష్ట్ర ప్రభుత్వము 205 కోట్ల రూపాయలు మంజూరు చేసెను. మనకు మిగులు గంటలకు ఆ రైతులు తమ పొలములను వెలగా ఇచ్చుచున్నారు. వారికి న్యాయమైన పరిహారము ఆలస్యము లేక ముట్టవలెను. పొరుగువాని నష్టముపై మన సౌఖ్యమును కట్టుకొనుట క్రైస్తవధర్మము గాదు, ఏ ధర్మమును గాదు.

బాలురారా! ఈసారి లెక్క చేయునపుడు విమానాశ్రయము నుండి మొదలుపెట్టకుడు. భూపాలపల్లి దాపునగల ఒక గుడిసె తలుపు నుండి మొదలుపెట్టుడు. అప్పుడు వచ్చు జవాబే సరియైన దూరము.