మందు అగ్గువ.. వాగు పిరం!

ఖర్చు కన్న తక్కువకు సరుకు అమ్మేటోడు పిచ్చోడా? కాదు. వాని లెక్క వానికి ఉంటది. ఆ లెక్క మనం కూడా చూడాలె.

సంగారెడ్డి అంగట్ల పొద్దుగూకినంక టమాట సగం ధరకిచ్చే అవ్వది ఒక లెక్క. రేపటికి కుళ్లే సరుకు, వచ్చిందే లాభం. గిరాకీ పడిపోయినప్పుడు పటాన్‌చెరు చిన్న ఫ్యాక్టరీది ఇంకో లెక్క. ముడిసరుకు, కరెంటు, కూలి ఎల్లి బ్యాంకు కిస్తుకు నాలుగు పైసలు మిగిలితే నష్టానికైనా నడుపుతడు. షట్టర్ దించితే కిస్తు ఆగదు గదా! ఈ రెండింట్ల తప్పు లేదు.

మూడోది దొంగ లెక్క. పక్కోడు మునిగేదాక తక్కువకు అమ్ముడు, వాడు పోయినంక పెంచుడు. మార్కెట్‌ను ఏలే కంపెనీ ఇట్ల చేస్తే 2002 కాంపిటీషన్ చట్టం నాలుగో సెక్షన్ తప్పంటది. విదేశీ సరుకు అట్ల వచ్చి పడితే యాంటీ డంపింగ్ సుంకం ఉన్నది. ఉండి ఏం లాభం? చైనా ధర ముందు నిలవలేక మన పెన్సిలిన్-జి ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడ్డయి. చేతులు కాలినంక 2020లో కేంద్రం బల్క్ డ్రగ్స్‌కు 6,940 కోట్ల ప్రోత్సాహకం ప్రకటించింది. 2024లో గానీ కాకినాడ దగ్గర పెన్సిలిన్-జి తయారీ మళ్ల మొదలు కాలేదు.

నాలుగో లెక్క మన గడ్డది. కాంపిటీషన్ చట్టంల దానికి పేరే లేదు. ఖర్చును వాగుల కలుపుడు!

చైనా ధరతోని పోటీ పడాలంటే ఎక్కడ కోయాలె? ముడిసరుకు తగ్గదు, కరెంటు బిల్లు తగ్గదు. వ్యర్థజలం శుద్ధి పద్దు ఒక్కటే ఎవరికీ కనపడనిది. స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించిన అధ్యయనం చూడున్రి. పటాన్‌చెరుల దాదాపు 90 మందుల ఫ్యాక్టరీల నీళ్లు శుద్ధి చేసి వదిలినంక కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల దాక సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. ఆ గోలీ మింగిన రోగి రక్తంల ఉండేదానికన్న అది ఎక్కువ! ఆ నీళ్లు అప్పట్ల ఇసుకవాగు, నక్కవాగు దాటి మంజీరల కలిసేటియి.

అంటే ఆ గోలీ మీద రాసిన ధర అసలు ధర కాదు. మిగిలిన బిల్లు ఎవలు కట్టిన్రు? బోరు పాడైన రైతు కట్టిండు. పంట పండని పొలం కట్టింది. మందుకు లొంగని క్రిములు పుడితే రేపు ఏ దేశంల రోగైనా కడతడు.

శుద్ధి ఖర్చు మీదేస్తే ఫ్యాక్టరీలు పోతయి, కొలువులు పోతయని బెదిరిస్తరు. ఒక్కడే కడితే వాడు మునుగుడు నిజమే. అందరికీ ఒకే నియమం పెడితే ఎవడు మునుగుతడు? 2020 జనవరిల కేంద్రం ముసాయిదాల అట్లాంటి హద్దులే రాసింది, వ్యర్థజలంల ఏ యాంటీబయాటిక్ ఎంత మించొద్దో. 2021 ఆగస్టుల తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ హద్దులు మాయం! ఎవల కోసం?

విద్యార్థి తమ్ముళ్లారా, ఉద్యోగ మిత్రులారా! ఆ హద్దులు తిరిగి పెట్టాలె. సర్కారు దవాఖానల టెండర్లు తక్కువ ధర ఒక్కటే చూసుడు బందు కావాలె. ఆ మందు చేసిన నీళ్లు ఎటు పోయినయో అడగాలె.

1990లో సుప్రీంకోర్టు మెట్లెక్కిన పటాన్‌చెరు కేసుకు గ్రీన్ ట్రిబ్యునల్ తీర్పు 2017లో వచ్చింది. నడుమ 2014లో మన రాష్ట్రం మనకొచ్చింది. మన నినాదంల మొదటి మాటే నీళ్లు. నక్కవాగుల పారేటియి నీళ్లు కావా?