దుకాణం మూసేశారు... వస్తువు మిగిలింది!

కొత్త ఫోనొచ్చింది, కొత్త యాప్ వచ్చింది అనే వార్తలు రోజూ ఉండేవే. ఈ వారం వాటికి సెలవు. వయసైపోయినా పనిచేస్తున్న యంత్రాలు, పనిచేస్తూండగానే దిక్కులేనివైపోయిన యంత్రాలు... ఈసారి కబుర్లన్నీ వాటివే.

2,400 కోట్ల కిలోమీటర్ల దూరంలో రిపేరు

ఇంట్లో టీవీ పాడైతే మెకానిక్ రావడానికే రెండ్రోజులు పడుతుంది. మరి 46 ఏళ్ల కిందట ఇల్లు వదిలి వెళ్లిపోయిన యంత్రం పాడైతే? 2023 నవంబరులో నాసాకి సరిగ్గా ఆ చిక్కే వచ్చిపడింది. 1977 సెప్టెంబరులో బయల్దేరిన వాయేజర్-1 వ్యోమనౌక ఉన్నట్టుండి అర్థంపర్థం లేని సంకేతాలు పంపడం మొదలుపెట్టింది. అప్పటికి అది భూమికి 2,400 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇక్కణ్నుంచి ఆదేశం చేరడానికి ఇరవై రెండున్నర గంటలు, జవాబు రావడానికి మరో ఇరవై రెండున్నర గంటలు. ఒక్క ప్రశ్న వేస్తే సమాధానం కోసం దాదాపు రెండ్రోజులు ఎదురుచూడాలన్నమాట!

ఇంజినీర్లు దశాబ్దాల కిందటి కాగితాలన్నీ ముందేసుకుని కూర్చున్నారు. సమాచారాన్ని పోగుచేసి భూమికి పంపే కంప్యూటర్‌లో ఒక చిప్పు చెడిపోయిందనీ, దాంతో మెమరీలో 3 శాతం పనికిరాకుండా పోయిందనీ చివరికి తేలింది. చిప్పు మార్చడానికి వెళ్లేవాళ్లెవరు? అందుకని ఆ భాగంలో ఉన్న ప్రోగ్రామ్‌ని ముక్కలుగా విడగొట్టి, ఖాళీ ఉన్నచోటల్లా సర్దారు. మొత్తాన్నీ ఒకేచోట పెట్టేంత జాగా అందులో లేదు మరి. 2024 ఏప్రిల్ 18న ఆదేశం పంపితే 20న జవాబొచ్చింది. జూన్ నాటికి అందులో పనిచేస్తున్న నాలుగు శాస్త్ర పరికరాలూ మళ్లీ మాట్లాడాయి.

చిప్పు పోయినా వాయేజర్ బతికి బయటపడిందంటే కారణం ఒకటే. దాన్ని పంపిన సంస్థ ఉంది, కాగితాలున్నాయి, వాటిని తిరగేసే మనుషులున్నారు.

ఫ్లాపీ ఇంకా పోలేదు

ఆకాశం నుంచి భూమ్మీదికొద్దాం. ఫ్లాపీ గుర్తుందా? 1.44 ఎంబీ డిస్కు. ఒక్క ఎంపీత్రీ పాట కూడా పట్టేది కాదు. సోనీ కంపెనీ 2011లోనే జపాన్‌లో వాటి అమ్మకాలు ఆపేసింది. అయినా దరఖాస్తులు ఫ్లాపీల్లాంటి వాటిలోనే ఇవ్వాలనే నిబంధనలు జపాన్ ప్రభుత్వంలో వెయ్యికి పైగా మిగిలిపోయాయి. రోబోలకు పేరుపడ్డ దేశమది! డిజిటల్ శాఖ మంత్రి తారో కోనో ఫ్లాపీలపై ఏకంగా యుద్ధం ప్రకటించి, ఆ నిబంధనలన్నీ ఒక్కటి మినహా రద్దయ్యాక 2024 జులైలో 'గెలిచాం' అన్నారు.

కంప్యూటర్ కంపెనీల అడ్డాకి కూతవేటు దూరంలో ఉన్న శాన్‌ఫ్రాన్సిస్కో కథ ఇంకా చిత్రం. అక్కడి సొరంగ రైళ్లను నడిపే వ్యవస్థ 1998 నాటిది. రోజూ ఉదయం ఫ్లాపీలు పెడితేగానీ అది మేలుకోదు. ఒక్క డిస్కు అరిగిపోతే రైళ్లకే ముప్పు కదా? అందుకే కొత్త వ్యవస్థ కోసం 2024లో హిటాచీ రైల్‌తో 21.2 కోట్ల డాలర్ల ఒప్పందానికి నగర రవాణా సంస్థ ఆమోదముద్ర వేసింది. అంత సొమ్ము పెట్టే ప్రభుత్వం ఉంది కాబట్టి రైళ్లకు బెంగలేదు.

కళ్లిచ్చిన కంపెనీ కనిపించలేదు

ఆ యంత్రం రైల్లోనో రాకెట్లోనో కాక మనిషి ఒంట్లో ఉంటే? సెకండ్ సైట్ అనే అమెరికా కంపెనీ 'ఆర్గస్-2' పేరుతో ఓ పరికరం తయారుచేసింది. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే వంశపారంపర్య వ్యాధితో చూపు పోయినవారి కోసం. కళ్లజోడుకి ఓ బుల్లి కెమెరా ఉంటుంది. అది చూసినదాన్ని నడుముకి తగిలించుకున్న చిన్న కంప్యూటర్ సంకేతాలుగా మార్చి, కంటి లోపల అమర్చిన 60 ఎలక్ట్రోడ్లకు పంపుతుంది. మామూలు చూపు రాదు. వెలుగు మచ్చలు, గీతలు, నీడలు తెలుస్తాయి. ఏళ్ల తరబడి చీకట్లో ఉన్నవారికి తలుపెక్కడుందో, ఎదురుగా మనిషున్నాడో లేడో తెలియడమంటే మాటలా? ఖరీదు దాదాపు లక్షా యాభై వేల డాలర్లు, ఆపరేషన్ ఖర్చు అదనం. 2013లో అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చింది. ప్రపంచవ్యాప్తంగా 350 మందికి పైగా అమర్చుకున్నారు.

వ్యాపారం మాత్రం గిట్టుబాటు కాలేదు. 2019లో కంపెనీ ఆర్గస్-2ని ఆపేసింది. 2020లో డబ్బు అయిపోవచ్చి ఉద్యోగుల్లో ఎక్కువమందిని ఇంటికి పంపేసింది. పరికరాలు మాత్రం జనం కళ్లల్లోనే ఉండిపోయాయి! కళ్లజోడు విరిగితే కొత్తది లేదు. బయటి కంప్యూటర్ పాడైతే బాగుచేసేవాళ్లు లేరు. ఎమ్మారై స్కాన్ తీయాల్సొస్తే, ఈ లోహపు ముక్క కంట్లో ఉండగా తీయవచ్చో లేదో డాక్టరుకి చెప్పే దిక్కు లేదు. 2022లో 'ఐఈఈఈ స్పెక్ట్రమ్' పత్రిక బయటపెట్టేదాకా ఈ గోడు లోకానికి పెద్దగా తెలియలేదు. అదే ఏడాది సెకండ్ సైట్ మరో కంపెనీలో కలిసిపోయింది.

మళ్లీ ఓ ఆశ

అలాగని ఈ దారిలో పరిశోధన ఆగిపోలేదు. వయసుతోపాటు వచ్చే మాక్యులర్ డీజనరేషన్‌తో మధ్యచూపు పోయినవారి కోసం 'ప్రిమా' అనే చిప్పు వచ్చింది. 2 మిల్లీమీటర్ల పొడవు, అంతే వెడల్పు. తీగలుండవు. కళ్లజోడు నుంచి వచ్చే పరారుణ కాంతే దానికి బొమ్మా, అదే కరెంటూ. ఐరోపాలో 38 మందికి అమర్చారు. ఏడాది తర్వాత పరీక్షించిన 32 మందిలో 26 మందికి చూపు చెప్పుకోదగ్గంతగా మెరుగైందని 2025 అక్టోబరులో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' ప్రచురించింది. మసకబారిన చోట మళ్లీ అక్షరాలు కూడబలుక్కుని చదివారు! కొందరికి ఆపరేషన్ తర్వాత ఇబ్బందులొచ్చినా చాలావరకు తగ్గిపోయాయి.

ఇందులోనూ ఓ మెలిక ఉంది. ఆ ప్రయోగాలు మొదలుపెట్టిన పిక్సియం విజన్ అనే ఫ్రాన్స్ కంపెనీ మధ్యలోనే దివాలా తీసింది. 2024లో సైన్స్ కార్పొరేషన్ అనే అమెరికా కంపెనీ ప్రిమాని కొనుక్కోబట్టి సరిపోయింది. కొనేవాళ్లే దొరక్కపోయుంటే? ఆ 38 మందీ ఆర్గస్ వాళ్ల పక్కన చేరేవారు.

మిక్సీకున్న హక్కు

వస్తువు పాడైతే బాగుచేయించుకునే హక్కు ఉండాలన్న మాట ఇప్పుడు గట్టిగానే వినిపిస్తోంది. మనదేశంలో వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో ఇందుకోసం ఓ పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు అందులో ఉన్నాయి. వాషింగ్ మెషీన్లూ ఫోన్ల లాంటి వాటికి తయారీదార్లే రిపేరు చేసిపెట్టాలని ఐరోపా సమాఖ్య 2024లో చట్టం చేసింది. ట్రాక్టరుకి, మిక్సీకి, ఫోనుకి చోటు దొరికిన ఈ జాబితాల్లో ఒంట్లో పెట్టిన పరికరానికి మాత్రం చోటు లేదు.

దారి లేకపోలేదు. సాఫ్ట్‌వేర్ వ్యాపారంలో ఓ అలవాటుంది. ప్రోగ్రామ్ మొత్తాన్నీ ముందుగానే ఓ మధ్యవర్తి దగ్గర దాచిపెడతారు. కంపెనీ మూతపడితే అది వాడకందారుల చేతికొస్తుంది. ఇంప్లాంట్ల డిజైన్లనూ అలాగే దాచిపెట్టించి, సర్వీసు కోసం కొంత సొమ్ము పక్కన పెట్టించాకే అనుమతివ్వాలని నియమం పెడితే, ఆర్గస్ వాళ్ల గతి మరొకరికి పట్టదు.

కొసరు కబుర్లు

* అమెరికాలో ఉన్న పిల్లల్ని మన అమ్మానాన్నలకి తెరమీద చూపించిన స్కైప్ 2025 మే 5న మూతపడింది. పుట్టింది 2003లో. పోతూపోతూ రెండు నెలల ముందే చెప్పి, పాత కబుర్లు దాచుకునే వీలిచ్చింది.

* జపాన్‌లో చివరి పేజర్ సర్వీసు 2019 సెప్టెంబరు 30 దాకా నడిచింది. చివరిదాకా వాడినవాళ్లలో ఎక్కువమంది ఆస్పత్రుల వాళ్లే.

* మన టెలిగ్రామ్‌కి 2013 జులై 14 ఆఖరిరోజు. కట్టాకడపటి తంతి పంపుకోవడానికి జనం ఆఫీసుల ముందు బారులుతీరారు.

కొనేటప్పుడు వస్తువుకి గ్యారంటీ ఎన్నేళ్లని అడగడం అందరికీ అలవాటే. కంపెనీకి గ్యారంటీ ఎన్నేళ్లని కూడా అడగాల్సిన రోజులివి. ముఖ్యంగా, విప్పి పక్కన పెట్టలేని వస్తువైతే!