ధర్మత్ యుద్ధమున జశ్వంతసింగు ఏల ఓడెను?

షాజహాను కుమారుల యంతర్యుద్ధమును గూర్చి ప్రశ్న యడిగినప్పుడెల్ల మా తరగతి బాలురు వ్రాయు సమాధానమొక్కటే: కాసింఖాను ద్రోహము చేసెను, గనుక జశ్వంతసింగు ఓడెను. సులభమైన సమాధానము, మార్కులును వచ్చును. కాని యది చాలదని నా యభిప్రాయము.

1657లో చక్రవర్తి జబ్బుపడగానే నలుగురు కొడుకులును సింహాసనమునకై కత్తులు దూసిరి. దక్కను సుబేదారుగా నుండిన ఔరంగజేబు ఉత్తరమునకు నడచి, తమ్ముడు మురాదును గలిసికొని, 1658 ఏప్రిలులో ఉజ్జయిని చెంత ధర్మత్ కడ చక్రవర్తి సైన్యమును ఢీకొనెను. ఆ యంతర్యుద్ధపు తొలి పోరులలో నిది యొకటి. ఇరువైపుల బలము ఇంచుమించు సమానమే. కాని చక్రవర్తి సైన్యమునకు నాయకులిద్దరు. కాసింఖాను జశ్వంతసింగునకు తోడుగా వచ్చినవాడేగాని యాతని యాజ్ఞకు లోబడినవాడు కాడు. పైగా, రాకుమారులను సాధ్యమైనంతవరకు నొప్పింపక మరలింపుమని చక్రవర్తి యుత్తరువు! కొట్టవలెనో వలదో తెలియని సేనాపతి యేమి చేయగలడు? అన్నదమ్ములు కలియకమునుపే అడ్డుపడవలసినది, పడలేదు. రాత్రివేళ శత్రువుల ఫిరంగులపై బడుదమని ఒక సర్దారు చెప్పగా, కపటము రాజపుత్రులకు తగదని త్రోసిపుచ్చెనట. గుంటలును బురదయును గల యిఱుకు నేలపై సేనను నిలిపెను. ఆ గుంపుపై ఫిరంగులు ప్రేలెను.

ఆ ఫిరంగుల కథ మనవారు ముఖ్యముగా నెఱుగదగినది. గోలకొండ మంత్రియైన మీర్ జుమ్లా 1650లో గండికోటను జయించి, తెలుగుసీమ ధనముతో గొప్ప ఫిరంగిబలమును గూర్చుకొనెను. ఐరోపా గోలందాజులును అందుండిరి. పిమ్మట ప్రభువుతో చెడి మొగలులను జేరెను. 1657లో బీదరుకోటను ముట్టడించునప్పుడు ఔరంగజేబు ప్రక్కనుండెను. మన నిజాంసాగరమును నింపి, ఒకప్పుడు బోధను చెఱకుతోటలను తడిపిన మంజీర ఆ బీదరు ప్రాంతమునుండియే వచ్చుచున్నది. 1658 జనవరిలో ఔరంగజేబు మీర్ జుమ్లాను బంధించి యాతని ఫిరంగులను గైకొనెను. ఇరువురును గలిసి యాడిన నాటకమేయని పలువురు చరిత్రకారుల మతము; నాకును అట్లే తోచును.

రాజపుత్రులు పిఱికివారు కారు. ముకుందసింగు హాడా మొదలైనవారు ఫిరంగుల వరుసను చీల్చుకొనిపోయి, ఫిరంగిదళ నాయకుడైన ముర్షిద్ కులీఖానును గూల్చిరి. వెనుకనుండి తోడు రాలేదు. శత్రువులు చుట్టుముట్టిరి; తిరిగి వచ్చినవారు మిక్కిలి తక్కువ. గోలందాజులు మరల ఫిరంగులను జేరి కాల్చసాగిరి. కాసింఖాను దళము చాలవరకు కదలలేదనుట నిజమే. అయినను ఒకే సైన్యమున కిద్దరు నాయకులను బెట్టినది కాసింఖాను కాడు. ఆ నేలను ఎన్నుకొన్నదియు నతడు కాడు.

ఇంచుమించు ఆఱు వారములకే, మే 29న, సామూగఢ్ కడ దారాయే స్వయముగా నోడెను. తన ఫిరంగులకు తానే అడ్డముగా ముందునకు దూకి, వాని నోళ్లను మూయించుకొనెను. అక్కడను మా బాలురకొక ద్రోహి సిద్ధముగా నున్నాడు: ఖలీలుల్లాఖాను.