పిడుదులకు పత్తి మందా?

నేను వ్యవసాయాధికారిని, పశువైద్యుడను కాను. పశురోగములను గూర్చి నేను వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని పిడుదుల మందు కొరకు మీలో చాలమంది మొదట వచ్చుచున్నది నా వద్దకే. "అయ్యా, పత్తికి కొట్టగా సీసాలో ఇంత మిగిలినది, గేదెకు ఎంత కలిపి పూయమంటారు?" అని అడిగినవారు ఈ రెండేండ్లలో పదిమందికి తక్కువ లేరు. అందువలన ఈ నాలుగు మాటలు వ్రాయక తప్పలేదు.

ఒక్క చుక్క కూడ వద్దు. పైరుకు కొట్టు మందులలో చాలవరకు చర్మముగుండా రక్తములోనికి దిగును. పశువు తన ఒంటిని తానే నాకుకొనును, దూడ తల్లి పొదుగును చీకును. చొల్లు కారి, వణకి, కూలబడిన పశువును బ్రతికించుట వైద్యునికి కూడ కష్టము. పూసినవాని చేతులకును అది విషమే. పశువులకని ప్రత్యేకముగా తయారైన మందులు ఉండగా ఈ సాహసమెందుకు? మిగిలిన మందును పారవేయుటకు మనసొప్పక చేయు పొదుపు ఇది. నలభై వేలు, యాభై వేలు పెట్టి కొన్న పశువుపై చేయదగిన పొదుపు కాదు.

ఇక అసలు విషయము. గత వర్షాకాలమున వరినాట్లు చూడబోయిన ఒక గ్రామములో ఒక రైతు నన్ను తన కొట్టములోనికి పిలిచినాడు. సంకరజాతి ఆవు, అప్పు తెచ్చి సంతలో కొన్నది. నాలుగు దినములుగా మేత ముట్టలేదు. చిగుళ్లు పాలిపోయినవి, కంటిరెప్ప లోపల పచ్చగా ఉన్నది, పేడ గట్టిపడినది. చెవుల వెనుక, తోక క్రింద, పొదుగు పక్కన పిడుదులు గింజలు పేర్చినట్లున్నవి. అప్పటికే జ్వరపు సూదులు మూడు పడినవి. అదే సూదితో పొరుగువారి ఆవుకు కూడ వేసినారట! రక్తపరీక్ష ఊసు ఎవ్వరును ఎత్తలేదు. నేను కబురు చేయగా పశువైద్యులు వచ్చి, చెవినుండి చుక్క రక్తము తీసి గాజుపలకపై పూసి తీసికొనిపోయిరి. అది అనాప్లాస్మా అని తేలునప్పటికి ఆవు లేదు. అప్పు మిగిలినది.

అనాప్లాస్మా అనునది ఎర్ర రక్తకణములలో కాపురముండు ఒక బాక్టీరియా. దీనిని 1910లో దక్షిణాఫ్రికాలో ఆర్నాల్డ్ థైలర్ అను శాస్త్రజ్ఞుడు మొదట వర్ణించినాడు. ఇది సోకిన రక్తకణములను పశువు శరీరమే ఏరి పారవేయును. అందువలన రక్తము నీరగును, కామెర్లు కనిపించును, కాని మూత్రము ఎర్రబడదు. ఈ గుర్తు మీరు జ్ఞాపకముంచుకొనదగినది. మూత్రము కాఫీ రంగున వచ్చినచో అది బబీసియా కావచ్చును. అధిక జ్వరముతో భుజము ముందు బిళ్ల కట్టినచో థైలీరియాను అనుమానింపవలెను. ఈ రెండును పిడుదులు తెచ్చునవే అయినను బాక్టీరియాలు కావు, ఏకకణ జీవులు. అనాప్లాస్మాకు ఆక్సిటెట్రాసైక్లిన్, బబీసియాకు డిమినజీన్, థైలీరియాకు బుపార్వాక్వోన్ వాడుదురు. ఒకదాని మందు మరొకదానికి సరిపోదు. ఒకే పశువులో రెండు రోగములు కలిసియుండుట కూడ కలదు. ఇట్టి స్థితిలో రక్తము చూడక సూది వేయుట చీకటిలో రాయి విసరుటయే. మీరు సంకోచింపక "ముందు రక్తము చూడండి" అని అడుగవలెను. పశువైద్యశాల దూరమైనచో 1962 నంబరుకు ఫోను చేసిన సంచార వైద్యవాహనము వచ్చును. సూది పడిన పిదప వైద్యులు చెప్పిన దినముల వరకు ఆ పాలు కేంద్రమునకు పోయరాదు.

దూడలలో ఈ రోగము తేలికగా పోవును, రెండు మూడేండ్లు దాటిన ఆవులలో ప్రాణాంతకమగును. మన నాటు పశువులు పిడుదులను కొంత తట్టుకొనును, జెర్సీ, హోలిస్టీన్ సంకరములు తట్టుకొనలేవు. గేదెల సంగతి వేరు. చాలవరకు వానికి పైకి ఏమియు తెలియదు. కాని రక్తములో సూక్ష్మజీవి ఉండనే ఉండును. కోలుకొన్న పశువు కూడ ఏండ్ల తరబడి దానిని మోయును. అక్కడినుండి పిడుదు గాని, జోరీగ గాని, కడుగని సూది గాని, కొమ్ములు కోయు రంపము గాని పక్క పశువుకు చేరవేయును. ఒక పశువుకు ఒక సూది అని పట్టుపట్టుట మీ హక్కు.

పిడుదును ఒంటిమీద చంపిన పని సగమే. మన పశువులపై విస్తారముగా కనిపించు రకము మూడు వారములు ఒంటిమీదనే పెరిగి, కడుపునిండిన ఆడది నేలరాలి, పగుళ్లలో రెండు వేలకు పైగా గ్రుడ్లు పెట్టి చచ్చును. హయలోమ్మా అను మరియొక రకము గోడలలో దాగి, పశువును మార్చుచు బ్రతుకును. అందువలన గోడపగుళ్లు మట్టితో పూడ్చి సున్నము కొట్టవలెను, మందు కొట్టుట వైద్యులు చెప్పిన ఎడముతో మరల మరల చేయవలెను. కొలత తగ్గించి కొట్టినచో చావని పిడుదులు మందుకు అలవాటు పడును. కొట్టిన పశువును చెరువులో దింపరాదు, డెల్టామెత్రిన్ చేపలను చంపును. మా అమ్మ కొట్టములోనికి కోళ్లను తోలెడిది. అవి రాలిన పిడుదులను ఏరుకొని తినును, ఖర్చు లేని ఉపాయము. చేతితో ఏరువారు గోళ్లతో నలుపవద్దు. 2011లో గుజరాతులో హయలోమ్మా మోయు క్రిమియన్ కాంగో జ్వరము మనుష్యుల ప్రాణములే తీసినది.

గ్రామోద్యోగులకు ఒక మనవి. పశువులన్నియు ఒకే బంజరులో మేయునప్పుడు ఒక కొట్టమును మాత్రము బాగుచేసిన ప్రయోజనము స్వల్పము. అమెరికాలో పిడుదుల జ్వరము సంగతి 1893లో రుజువైనది. 1906లో ఊరూర పశువులన్నిటికి ఒక్కటిగా పని మొదలుపెట్టిరి, 1943 నాటికి గాని ఒక కొలిక్కి రాలేదు. మనము అంత దూరము పోనక్కరలేదు. తొలకరికి ముందు దండోరా వేయించి, పశువైద్యులతో మాట్లాడి, ఊరంతటికి ఒకే దినమున మందు కొట్టించుట పంచాయతీకి పెద్ద భారము కాదు. సంతనుండి వచ్చు పశువును మూడు వారములు వేరుగా కట్టు కట్టుబాటు కూడ ఊరివారే చేసికొనవచ్చును.

నేను చెప్పిన ఆ రైతు కొట్టములో ఇంకను రెండు గేదెలున్నవి. పోయిన నెలలో వాని రక్తము పరీక్షకు పంపినాము. ఒకదానిలో ఆ సూక్ష్మజీవియే ఉన్నది. అది చక్కగా మేయుచున్నది, పాలిచ్చుచున్నది. మరల ఆవును కొందునా అని ఆయన అడిగినాడు. గోడలు పూయించి, ఈ గేదె సంగతి వైద్యులు తేల్చువరకు ఆగమని చెప్పితిని.